వీసా సైలెంట్

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా ఒంటికి పడదు. నేను ఇంటికొచ్చి "సంతలో నలుగురు తలలు పగలగొట్టుకున్నారు" అంటే, ఇద్దరు తిట్టుకున్నారని లెక్క వేసుకుని మా ఇంట్లోవాళ్ళు నిదానంగా అన్నం వడ్డిస్తారు. కాబట్టి ఇక్కడ చెప్పబోయే దాంట్లో కూడా, పసుపు కొనే వ్యాపారి తీసినట్టు, మీ ఇష్టమొచ్చినంత తరుగు తీసుకోండి. అసలు సరుకును మాత్రం అవతల పారేయకండి. ఆ అసలు సరుకు ఏమిటంటే, నిక్షేపంలా రొట్టె తింటున్న మా అక్క మొగుణ్ణి ఒకే ఒక్క ఇంగ్లీషు మాటతో, తారీఖు వేసి మరీ, చంపబోయినవాణ్ణి నేను.

ఆ మాట మీకందరికీ తెలిసిందే. ఎక్స్‌పైర్. ఎంత మంచి మాటండీ! మందుబిళ్ళకు వాడతాం, పాల ప్యాకెట్టుకు వాడతాం, వెనక వీధిలో పోయిన పెద్దాయనకూ వాడతాం. చదువు రానివాళ్ళు కూడా తప్పు లేకుండా వాడే మాట. తప్పు చేయాలంటే కొంత చదువుండాలి. నాకు సరిగ్గా ఆ కొంతే ఉండేది.

అప్పటికి నాకు పాతికేళ్ళు. కరీంనగర్‌లో ముప్పై రోజుల ఇంగ్లీషు కోర్సు చేసి మెట్‌పల్లికి తిరిగొచ్చాను. ఆ ముప్పైలో పది రోజులు నాకు జ్వరం, పది రోజులు సారుకు జ్వరం. మిగిలిన పదిరోజుల ఇంగ్లీషు మాత్రం తెల్లచొక్కాకు పసుపు మరక పట్టినట్టు పట్టేసింది. ఉతికితే పోదు, చూస్తే బాగుండదు. 'మిస్టర్', 'కైండ్లీ' అనే రెండు మాటలంటే నాకు ప్రాణం. దొడ్లో బర్రెను కూడా మిస్టర్ అని పిలిచాను. అది మిసెస్ అని పాలు పితికే మా అమ్మ గుర్తు చేయాల్సి వచ్చింది. "అవ్వా, కైండ్లీ అన్నం పెట్టు" అని ఒకనాడు అంటే, మా బాపు పీట మీద నుంచే, "వీనికి కరీంనగర్ల ఏదో గాలి సోకిందే. జర తాయెత్తు కట్టియ్యి" అన్నాడు. కట్టించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మా బావ పేరు రాజేశం. మస్కట్‌లో కట్టడాల కంపెనీలో మేస్త్రీ. సెలవు మీద వచ్చి, తిరిగి పోయేముందు మొక్కు తీర్చుకుందామని ధర్మపురికి పోయి, గోదావరి రేవు మెట్ల మీద పాచికి కాలు జారి పడ్డాడు. చీలమండ ఎముక విరిగింది. ఆసుపత్రి దగ్గరగా ఉంటుందని మా ఇంట్లోనే మంచం వేశాం. కట్టు విప్పేది వచ్చే నెల పదిహేనున అన్నాడు డాక్టరు. తిరిగి పోవడానికి ఉన్న వీసా గడువేమో ఈ నెల ఇరవై ఎనిమిదితో సరి. ఆ రోజులోపల మస్కట్‌లో కాలు పెట్టకపోతే వీసా పోతుంది, దాంతో పదేళ్ళ ఉద్యోగమూ పోతుంది. పొడిగించగలిగేది కంపెనీ ఒక్కటే. పెట్టాల్సిన కాలేమో మా ఇంట్లో దిండు మీద ఉంది.

"బామ్మర్దీ, నీ ఇంగ్లీషుకు పనివడ్డది," అన్నాడు బావ. "మా మేనేజరుకు ఈమెయిల్ కొట్టాలె. కాలిరిగింది అని రాయి. నాది ఇరవై ఎనిమిదికి ఎక్స్‌పైర్ అయితది అని రాయి. ఇంకో నెల పొడిగించుండ్రి అని రాయి. గంతే, మూడు ముక్కలు."

"మూడు ముక్కలేంది బావా, మంచిగ రెండు పేజీలు కొడత."

"వద్దు. ఆయన కేరళాయన. పొడుగు ఉత్తరాలు సదువడు."

పక్కనే ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న మా అక్క సుశీల, తునికాకు కత్తిరిస్తూ తల ఎత్తకుండానే అంది: "నువ్వే రాసుకోరాదయ్యా? పదేండ్ల సంది ఆడ్నే ఉన్నవు."

"మాట్లాడొస్తది గని నాకు రాయొస్తదానే? తమ్ముడు కోర్సు చేసిండు కదా."

"చేసిండు. గదే నా భయం."

ఇక్కడ మీరు జర ఆగి, బావ అన్న 'నాది' అనే మాటను చూడాలి. తెలుగులో 'నాది' అంటే ఏదైనా కావచ్చు. చెప్పు కావచ్చు, గొడుగు కావచ్చు, వీసా కావచ్చు. మన భాషకు అంత పెద్ద మనసు. నేను ఆ 'నాది'ని జాగ్రత్తగా తలలో పెట్టుకుని ఇంటర్నెట్ సెంటరుకు నడుస్తుంటే, బస్టాండు గుంతల్లో ఎక్కడో దాని చివర ఉన్న 'ది' జారిపోయింది. సెంటరు చేరేసరికి 'నా' ఒక్కటే మిగిలింది. 'నా' అంటే బావ. బావ అంటే గౌరవంగా మిస్టర్ రాజేశం. చూశారా, అడుగడుగునా ఎంత తర్కంగా పోయానో!

కీబోర్డు మీద ఒక్కో అక్షరాన్ని పేను వెతికినట్టు వెతికి కొట్టాను: "రెస్పెక్టెడ్ సర్. మిస్టర్ రాజేశం లెగ్ ఈజ్ బ్రోకెన్. మిస్టర్ రాజేశం విల్ ఎక్స్‌పైర్ ఆన్ ట్వెంటీ ఎయిత్ ఆఫ్ దిస్ మంత్. కైండ్లీ ఎక్స్‌టెండ్ హిమ్ ఫర్ వన్ మంత్."

ఇంగ్లీషు తెలిసినవాడు చదివితే దానర్థం ఇది: రాజేశం గారి కాలు విరిగింది. ఈ నెల ఇరవై ఎనిమిదిన రాజేశం గారు చనిపోతారు. దయచేసి ఆయన్ని ఒక నెల పొడిగించండి.

నాకు మాత్రం ముత్యాలు కూర్చినట్టు కనిపించింది.

సెంటరు యజమాని ఖలీల్ భాయ్ నా భుజం మీదుగా చూశాడు. మనిషి మంచివాడు, నన్ను 'మాస్టర్ సాబ్' అంటాడు. వెక్కిరింపని నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు.

"మాస్టర్ సాబ్, జర ఒక్క నిమిషం. ఇండ్ల వీసా అన్న మాట ఏడుంది?"

"లోపల ఉన్నది భాయ్."

"లోపల అంటే?"

"ఇంగ్లీషుల కొన్ని పలుకవు. నైఫ్‌ల 'కే' ఉంటది, పలుకుతమా? గట్లనే ఇండ్ల వీసా సైలెంట్."

ఖలీల్ భాయ్ గడ్డం నిమురుకున్నాడు. "అక్షరం సైలెంట్ ఉంటదని ఇన్న. మాటకు మాటే సైలెంటా?"

"అడ్వాన్స్ ఇంగ్లీషు భాయ్."

"అచ్ఛా. పదో తరగతిల మాకు గింత దాక చెప్పలే," అని ఆయన పక్కకు తప్పుకున్నాడు. నేను బటన్ నొక్కాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వేలు మంచిది కాకపోతే మస్కట్ దాకా చెడుతుందని ఎవరూ చెప్పలేదు.

అది మంగళవారం. గురువారం మధ్యాహ్నం బావ జొన్నరొట్టె తింటుండగా ఫోన్ మోగింది. చేతికి కూర అంటుకుని ఉందని స్పీకర్ పెట్టమన్నాడు. చేసింది ఓదెలు. హుస్నాబాద్ వాడు, మస్కట్ క్యాంపులో బావతో ఒకే రూము.

"రాజేశమన్నా... నేనే, ఓదెలును..." గొంతు తడితడిగా ఉంది.

"ఏం ఓదెలూ, అంత మంచిదేనా?"

"మాదేముందే అన్నా. నీ సంగతి ఆఫీసుల చెప్పిండ్రు. ఇరవై ఎనిమిదేనా?"

"ఆ, ఇరవై ఎనిమిదే."

"పక్కానా?"

"పక్కా. కాయిదం మీదనే ఉన్నది కదా."

"కాయిదం మీద రాసిచ్చిండ్రా!" ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. "గింత ధైర్నంగ ఎట్ల మాట్లాడుతున్నవే?"

"ఏం జేస్తం మరి? పొడిగిస్తే పొడిగించినట్టు, లేకుంటే ఖతం."

"అక్కకు ఎరుకేనా?"

"ఎందుకెరుక లేదు? పక్కన కూసోని బీడీలు చేస్తున్నది."

"బీడీలు చేస్తున్నదా!"

"నువ్వు ఫికర్ చెయ్యకు ఓదెలూ. గిది పోతే ఇంకోటి సూసుకుంట. ఏజెంటు ఉన్నడు."

"పైన గూడ ఏజెంట్లుంటరా అన్నా?"

"పైన కాదురా, జగిత్యాలల."

అటునుంచి ఇంకోసారి ముక్కు చీదిన చప్పుడు. తర్వాత చాలా మర్యాదగా వినిపించింది: "అన్నా, ఏమనుకోకు. నీ కుక్కర్ నేను ఉంచుకోనా?"

"నా కుక్కర్ నీకెందుకురా? నేనొచ్చి వండుకోవద్దా?"

"వస్తవా?"

"ఎందుకు రాను? జర ఆలస్యమైతదేమో గని, వచ్చే నెల పదిహేను దాటినంక పక్కా వస్త."

"అన్నా, నీ కాళ్ళు మొక్కుత, రాకే. మనది ఒక్కటే రూము. నాకసలే భయం!" ఫోన్ కట్ అయింది.

బావ ముద్ద చేతిలో పట్టుకుని అక్క వైపు చూశాడు. "వీనికేమైందే? ఎండ కొట్టినట్టుంది."

ఏమైందో ఆ ఇంట్లో ఒక్కడికే అర్థమైంది. అప్పటిదాకా సైలెంట్‌గా ఉన్న వీసా ఒక్కసారిగా నా చెవిలో అరిచింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ఇంటర్నెట్ సెంటరుకు పరుగెత్తాను. కాలిన అరికాళ్ళు చూసి ఖలీల్ భాయ్ కుర్చీ వేశాడు.

మేనేజరు జవాబు అప్పటికే వచ్చి కూర్చుంది. ఖలీల్ భాయ్ కూడబలుక్కుని అర్థం చెప్పాడు. "మీ ఉత్తరం చూసి చాలా బాధపడ్డాం. కాలు విరిగితే ఇంత దూరం వస్తుందని అనుకోలేదు. తేదీ ఇంత కచ్చితంగా ముందే ఎలా తెలిసిందో మాకు అంతు పట్టలేదు. ఆయన్ని ఒక నెల పొడిగించడం కంపెనీ చేతిలో లేదు, దేవుడి చేతిలో ఉంది. చివరి రోజులు కుటుంబంతో గడపనివ్వండి. ఆయన ఇక తిరిగి రానక్కర్లేదు. శనివారం పొద్దున వీసా రద్దుకు కాగితాలు పంపుతున్నాం."

"తౌబా తౌబా," అన్నాడు ఖలీల్ భాయ్. "మాస్టర్ సాబ్, నీ సైలెంట్ మాట మనిషిని మింగేటట్టున్నది."

"ఇప్పుడే ఇంకో మెయిల్ కొడత భాయ్," అని కీబోర్డు మీదికి చేయి చాపాను. ఆయన కీబోర్డును ఎత్తి గుండెకు హత్తుకున్నాడు.

"ముట్టకు. దూరం జరుగు. ఫోన్ చేద్దాం."

చేశాం. ఎత్తలేదు. గురువారం వాళ్ళ ఆఫీసు తొందరగా మూసేస్తారు. మరుసటి రోజు శుక్రవారం, సెలవు. శనివారం పొద్దున తెరిచిన వెంటనే చేసే మొదటి పని మా బావను రద్దు చేయడం.

శుక్రవారమంతా నేను ఎలా బతికానో చెప్తే మీరు తరుగు తీస్తారు. తీయకండి. బావ మంచం మీద నుంచి దగ్గితే నాకు చెమట పట్టింది. అక్క కత్తెర 'టక్' మన్నప్పుడల్లా నా చెవులున్నాయా లేవా అని తడిమి చూసుకున్నాను. "జవాబు రాలేనా బామ్మర్దీ?" అని బావ నాలుగుసార్లు అడిగాడు. "రాలే బావా, నెట్టు స్లోగ ఉన్నది" అని నాలుగుసార్లూ చెప్పాను. పాపం, ఆయన అయ్యో అని నెట్టును ఓదార్చినట్టు తల ఊపాడు.

నేను దొరికిపోయింది ఆ రాత్రి మటన్ కూర దగ్గర.

"తమ్మీ," అంది అక్క, "ముక్క ముట్టలేవు. ఏం జేసినవ్?"

"ఏం చెయ్యలేదక్కా."

"నువ్వు మటన్ ముట్టలేవంటే ఏదో ఘోరమే అయింది. సక్కగ చెప్పు."

"అక్కా... బావ... ఇరవై ఎనిమిదికి... ఎక్స్‌పైర్..."

అక్క గబుక్కున మంచం వైపు చూసింది. బావ చీపురుపుల్లను కట్టులోపలికి దూర్చి గోక్కుంటూ హాయిగా కళ్ళు మూసుకుని ఉన్నాడు. అక్క మళ్ళీ నా వైపు చూసింది. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. ఇక దాచడానికి నాకు గుండె చాల్లేదు. ఓదెలు కుక్కర్ ఎందుకు అడిగాడో, 'నాది' ఎక్కడ జారిపోయిందో, మేనేజరు ఏమని రాశాడో మొత్తం కక్కేశాను.

బావ తిడతాడనుకున్నాను. విరగని కాలితో తంతాడనుకున్నాను. బావ చీపురుపుల్ల పక్కన పెట్టాడు.

"ఇంక ఎనిమిది రోజులేనా నాకు?" అన్నాడు. నవ్వుదామని ప్రయత్నించాడు గానీ నవ్వు రాలేదు. "బామ్మర్దీ, పోయిన కొత్తల సిమెంటు బస్తాలు మోసిన. ఆరేండ్లకు మేస్త్రీ అన్నరు. ఆడ నన్ను అందరు మేస్త్రీ అనే పిలుస్తరు, పేరు గూడ ఎవ్వరికి యాది లేదు. మళ్ళ పోయి మొదటి బస్తా నుంచి మొదలువెట్టాల్నారా?"

నేను ఆయన పక్కన పెట్టిన చీపురుపుల్లను తీసి మళ్ళీ ఆయన చేతికే ఇచ్చాను.

శనివారం పొద్దున ఖలీల్ భాయ్ సెంటరుకు ఆటోలో బయల్దేరాం. బావ కట్టు కాలు ఆటో బయటికి తుపాకీ గొట్టంలా పొడుచుకుని ఉంటే, ఎదురొచ్చే సైకిళ్ళు వాటంతటవే పక్కకు తప్పుకున్నాయి. ఖలీల్ భాయ్ మస్కట్ నంబరు కలిపి రిసీవర్ నా వైపు చాచాడు.

"నువ్వే చెడగొట్టినవ్, నువ్వే బాగుచెయ్యి," అంది అక్క.

చెప్పాల్సిన మాట నేను శుక్రవారం రాత్రంతా అద్దం ముందు సాధన చేశాను. బావ చావడం లేదు, రావడం ఆలస్యమవుతుంది, అంతే. ఆలస్యాన్ని ఏమంటారు? లేటు. పాలవాడు లేటు, బస్సు లేటు, బావ లేటు. మేనేజరు 'హలో' అనగానే ఒక్క ఊపిరిలో అనేశాను:

"సర్, మిస్టర్ రాజేశం ఈజ్ నాట్ గోయింగ్ టు ఎక్స్‌పైర్. హి ఈజ్ ఓన్లీ లేట్!"

అటువైపు ఊపిరి పీల్చిన చప్పుడు. "లేట్? ఆల్‌రెడీ?"

"యెస్ సర్. బికాజ్ ఆఫ్ లెగ్."

ఆయన గొంతు మెత్తబడింది. చాలా విచారంగా ఉందన్నాడు, రాజేశం భార్యకు ధైర్యం చెప్పమన్నాడు, పెట్టేశాడు.

"ఏమన్నడు?" అన్నాడు బావ.

"అక్కకు ధైర్యం చెప్పమన్నడు."

"నాకెందుకు?" అంది అక్క.

ఖలీల్ భాయ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, వీపు ఊగుతోంది. "మాస్టర్ సాబ్, పెండ్లి కార్డు మీద పోయినోళ్ళ పేరు ముంగట ఏం రాస్తరు?"

చెప్పక్కర్లేదు. 'లేట్' అని రాస్తారు. కుక్క కాటుకు చెప్పు దెబ్బ విన్నాం గానీ, నేను చెప్పు దెబ్బకు ఇంకో కుక్కను తెచ్చాను. ఇరవై ఎనిమిదిన పోవాల్సిన మనిషిని ఇరవై ఒకటినే పంపించేశాను. మస్కట్‌లో ఎవరో ఒక గుమాస్తా బావ పేరున్న కాగితాలు చేతిలోకి తీసుకోవడం నా కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

"ఇటియ్యి!" బావ ఒంటికాలి మీద లేచి నా చేతిలోంచి రిసీవర్ లాక్కున్నాడు. ఖలీల్ భాయ్ మళ్ళీ నంబరు కలిపాడు.

"సార్! రాజేశం! మేస్త్రీ రాజేశం! రాజేశం ఓకే. లెగ్ బ్రోక్. ట్వెంటీ ఎయిట్ వీసా ఖలాస్. వన్ మంత్ గివ్. డాక్టర్ పేపర్ సెండింగ్!"

వ్యాకరణం లేదు. మిస్టర్ లేదు. కైండ్లీ లేదు. కానీ సిమెంటులో ఇటుక కూర్చున్నట్టు ప్రతి మాటా దాని చోట అది కూర్చుంది. వీసా అన్న మాట గట్టిగా, వీధి చివరి దాకా వినిపించేట్టు ఉంది.

మేము నలుగురం రిసీవర్ చుట్టూ చెవులు చేర్చాం. తర్వాత ఆయన అనుమానంగా, "బట్ యూ ఆర్ లేట్?" అన్నది నాక్కూడా వినిపించింది.

"యెస్ సార్, లేట్!" అన్నాడు బావ ఉత్సాహంగా. "నెక్స్ట్ మంత్ కమింగ్!"

ఆ తర్వాత రిసీవర్ పగిలేటట్టు నవ్వు. మస్కట్ నుంచి మెట్‌పల్లికి తీగ పొడుగునా నవ్వుతూ వచ్చినట్టు నవ్వు. అది వినగానే అక్క అక్కడే మెట్టు మీద కూలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అప్పుడు తెలిసింది, నిన్న రాత్రి నుంచి ఆమె చేతిలోని కత్తెర వదలనిది కోపంతో కాదు, భయంతోనని.

సాయంత్రానికి ఈమెయిల్ వచ్చింది. ఖలీల్ భాయ్ మూడుసార్లు చదివి వినిపించాడు, నాలుగోసారి వీధిలోవాళ్ళ కోసం చదివాడు. "రాజేశం వీసా ఒక నెల పొడిగించాం. ఆయన కాలు త్వరగా బాగుపడాలి. మొదటి ఉత్తరం రాసినాయన ఇంగ్లీషు మాత్రం ఎక్స్‌పైర్ అయి చాలా కాలమైనట్టుంది. కైండ్లీ రెన్యూ చేయించండి."

"సూసినవా మాస్టర్ సాబ్," అన్నాడు ఖలీల్ భాయ్, "గీ మాటను గిట్ల వాడాలె."

నాటి నుంచి ధర్మపురి నరసింహస్వామి మీద, ఖలీల్ భాయ్ కీబోర్డు మీద ఒట్టు వేసి చెప్తున్నాను, ఆ మాటను నేను మళ్ళీ ఏ ప్రాణి మీదా ప్రయోగించలేదు, ప్రయోగించను. మందుల షాపుకు పోయినా "ఈ గోలీలు ఎన్నటిదాకా బతుకుతయి?" అనే అడుగుతాను. షాపువాడు నన్ను అదోలా చూస్తాడు. చూడనివ్వండి. మనుషులు పోవడం కంటే గోలీలు బతకడం మేలు.

ఇంతకూ ఇందులో కల్పించింది ఏది అంటారా? ఓదెలు కుక్కర్ అడగడం నిజం. బావ తన నోటితో తానే లేట్ అనడం నిజం. మేనేజరు మాట అక్షరాలా నిజం. నేను కల్పించింది ఒక్కటే. బావ ఆ రోజు 'నాది' అనలేదు. 'నా వీసా' అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నేను విన్నట్టు లేదని అక్క మూడోసారి అంది.